పట్టాల పక్కనే ఊరు: గూడ్సు రైళ్ల గురించి పాఠకులు అడిగినవి

అమెరికాలో గూడ్సు రైళ్లు నడిచే మార్గం సుమారు 1,40,000 మైళ్లు. ఆరు పెద్ద కంపెనీలు, ఆరు వందలకు పైగా షార్ట్ లైన్లు (చిన్న స్థానిక రైల్వే కంపెనీలు) వాటిని నడుపుతున్నాయి. పట్టాలూ, వాటి కింది నేలా చాలావరకు ఆ కంపెనీల సొంతం. అందుకే రైలు కావాలన్నా, రైలుతో ఉన్న పేచీ తీరాలన్నా ఎవరి గడప తొక్కాలో ఊరివాళ్లకు తెలియదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువభాగం దాని గురించే. గూడ్సు రైళ్లకు మద్దతివ్వమని ఈ శీర్షికలో మేం అడిగే మాటను నిలదీసినవీ ఉన్నాయి.

మా ఊళ్లో షార్ట్ లైన్ పక్కన గిడ్డంగి కడతామని, దానికి రైలు సైడింగ్ (మెయిన్ లైన్ నుంచి చీలే పక్క పట్టాలు) వేస్తామని ప్రతిపాదన వచ్చింది. ఊళ్లో చాలామంది వద్దంటున్నారు. నాకు మంచిదే అనిపిస్తోంది. హెచ్-1బి మీద ఉన్నవాణ్ణి సిటీ కౌన్సిల్‌లో మాట్లాడొచ్చా? మాట్లాడితే ఏం చెప్పాలి?
— ఇండియానా పాఠకుడు

మాట్లాడొచ్చు. పబ్లిక్ కామెంట్‌కి పౌరసత్వంతో పని లేదు. కొన్నిచోట్ల ఊళ్లో ఉండేవాళ్లకు ముందు అవకాశం ఇస్తారు, అంతే. కౌన్సిల్‌కి రాసే మామూలు వినతిపత్రం మీద కూడా సంతకం పెట్టొచ్చు. కానీ బ్యాలెట్‌కి వెళ్లే పిటిషన్ ఎవరైనా తెస్తే పెట్టకండి, అది రిజిస్టరైన ఓటర్లకే. ఎన్నికల చందా కూడా ఇవ్వకండి. స్థానిక ఎన్నికైనా సరే, గ్రీన్ కార్డు లేని విదేశీయులు చందా ఇవ్వడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది.

ఇక కౌన్సిల్ సమావేశం దాకా ఆగకండి. ఇలాంటివి సాధారణంగా ముందు ప్లానింగ్ కమిషన్‌కి వెళ్తాయి. షరతులు అక్కడే రాస్తారు. కౌన్సిల్‌కి వచ్చేసరికి సభ్యుల్లో సగంమంది ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు.

మీకిచ్చేది సాధారణంగా మూడు నిమిషాలు. ఇంగ్లిషులో 350 నుంచి 400 మాటలు పడతాయి, అంతకు మించి రాసుకోకండి. ఇల్లు పట్టాలకు ఎంత దూరంలో ఉందో మొదటి వాక్యంలోనే చెప్పండి. అరమైలు లోపల ఉండేవాళ్ల మాటకు బరువు ఎక్కువ. తర్వాత మీరు కోరేది ఒక్కటే, స్పష్టంగా చెప్పండి. దేశం మొత్తానికి సంబంధించిన అంకెలు వద్దు, ఆ గిడ్డంగికి ఏటా ఎన్ని వ్యాగన్లు వస్తాయో అన్న అంకె ఒకటి చాలు. వ్యతిరేకుల భయాల్లో న్యాయమైనదాన్ని మీ నోటితోనే ఒప్పుకుని, దానికి ఒక షరతు సూచించండి. "ట్రక్కులు బడి ముందు నుంచి పోకూడదు, ఫలానా రోడ్డు మీదుగానే పోవాలి" అన్నట్టు. రాసిన కాగితం క్లర్కుకి ఇవ్వండి, అప్పుడే అది రికార్డులోకి ఎక్కుతుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రైల్వే కంపెనీ సొంత పట్టాల మీద, రైళ్ల రాకపోకల మీద ఊరి జోనింగ్ నిబంధనలు (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పేవి) పనిచేయవు. 1995 నాటి ఫెడరల్ చట్టం ఆ అధికారాన్ని రైల్వేలను నియంత్రించే ఫెడరల్ సంస్థ సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డుకి ఇచ్చింది. గిడ్డంగి వేరే యజమానిది అయితే దానికి మాత్రం జోనింగ్ వర్తిస్తుంది. అందువల్ల దీపాలు, మట్టికట్ట, ట్రక్కుల దారి లాంటి షరతులన్నీ గిడ్డంగికి ముడిపెట్టాలి. రైలుకు ముడిపెడితే కోర్టులో నిలవవు.

ఒక గూడ్సు రైలు ఎన్ని ట్రక్కులతో సమానం? ఒకచోట 300 అన్నారు, ఇంకోచోట 500 అన్నారు.
— టెక్సాస్ పాఠకురాలు

రెండూ నిజం కావచ్చు. అది ఏం మోసే రైలో చెప్పకుండా అంకె వాడితేనే తప్పు.

ధాన్యం రైలు తీసుకోండి. మంచి ట్రాక్ మీద ఒక వ్యాగన్ సరుకుతో కలిపి 2,86,000 పౌండ్ల దాకా ఉండొచ్చు. ఖాళీ వ్యాగన్ బరువు తీసేస్తే సరుకు సుమారు 2,20,000 పౌండ్లు. ఇంటర్‌స్టేట్ మీద ట్రక్కుకి మొత్తం బరువు పరిమితి 80,000 పౌండ్లు, అందులో సరుకు 50,000 దగ్గర. అంటే వ్యాగన్‌కి నాలుగు ట్రక్కుల పైచిలుకు, 110 వ్యాగన్ల రైలుకి 450 పైనే. ఇది కంటైనర్ల రైలైతే లెక్క మారిపోతుంది. ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు 53 అడుగుల కంటైనర్లంటే రెండు ట్రక్కులే. 250 కంటైనర్లు 250 ట్రక్కులతో సమానం. పాత షార్ట్ లైన్లు కొన్ని 2,63,000 పౌండ్ల వ్యాగన్లనే మోయగలవు, అక్కడ సరుకు పదోవంతు తగ్గించుకోవాలి. మీ దగ్గర నడిచే రైలు ఏదో చూసి లెక్క కట్టండి.

ఒక గాలన్ డీజిల్‌తో ఒక టన్ను సరుకు దాదాపు 500 మైళ్లు పోతుందన్నది రైల్వే కంపెనీల సంఘం చెప్పే అంకె. అది దేశవ్యాప్త సగటు. ఊళ్లో ఐదు వ్యాగన్లను అటూ ఇటూ నెట్టే చిన్న ఇంజన్‌కి అది వర్తించదు. సమావేశంలో ఎవరైనా ఇంజనీరు అడిగితే నీళ్లు నమలాల్సి వస్తుంది.

రోడ్డు వాదన ఇంతకంటే గట్టిది. 1950ల చివర ఇల్లినాయ్‌లో జరిగిన రోడ్డు పరీక్షల్లో తేలింది, ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లు అవుతుందని. డీజిల్ మీద ఫెడరల్ పన్ను మాత్రం 1993 నుంచి గాలన్‌కి 24.4 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. రైలు కంపెనీ తన ట్రాక్ తనే బాగుచేసుకుంటుంది, పైగా దాని మీద ఆస్తిపన్ను కడుతుంది. చాలా రాష్ట్రాల్లో ఆ ఆస్తి విలువ రాష్ట్ర రెవెన్యూ శాఖే కట్టి కౌంటీలకు పంచుతుంది. మీ కౌంటీ వాటా, అందులో బడుల వాటా అక్కడ అడిగితే దొరుకుతుంది. దేశం అంకెలు పది చెప్పినా ఆ ఒక్క అంకెకు సాటి రావు.

ఒక హెచ్చరిక. కంటైనర్ టెర్మినల్ వస్తే ఇంటర్‌స్టేట్ మీద ట్రక్కులు తగ్గుతాయి, మీ ఊరి రోడ్ల మీద పెరుగుతాయి. కంటైనర్ చివరి మైళ్లు ట్రక్కు మీదే పోవాలి కదా. ఆ మాట దాచి "ట్రక్కులు తగ్గిపోతాయి" అన్నవాళ్లు తర్వాత ఊళ్లో మొహం చూపించలేరు.

క్రాసింగ్ దగ్గర గూడ్సు అరగంటకు పైగా ఆగిపోతోంది. కంపెనీకి జరిమానా వేయించలేమా? ఇలాంటివాళ్లను సమర్థించమని మమ్మల్నెలా అడుగుతారు?
— ఒహాయో పాఠకుడు

మీ కోపం న్యాయమే. ఈ బాధ తీర్చే దారి చూపకుండా రైళ్ల లాభాలు ఎన్ని చెప్పినా ఎవరూ వినరు.

జరిమానా దారి మూసుకుపోయింది. రైలు ఎంతసేపు క్రాసింగ్‌ని ఆపొచ్చో చెప్పే ఫెడరల్ నిబంధన లేదు. రాష్ట్రాలు సొంతంగా పెట్టుకున్న చట్టాలను కోర్టులు వరుసగా కొట్టేశాయి. మీ ఒహాయో చట్టమే చెల్లదని ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు 2022లో తేల్చింది. 2024 జనవరిలో అమెరికా సుప్రీం కోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు.

కాబట్టి ముందు కారణం పట్టుకోవాలి. రైలు ఆగిపోవడానికి మామూలు కారణాలు కొన్నే. ఎదురు రైలు కోసం పక్కకు తప్పుకున్న లూప్ కంటే రైలు పొడవు ఎక్కువ కావడం, ముందున్న యార్డు నిండిపోవడం, గాలి గొట్టం ఊడి బ్రేకులు పట్టేయడం, సిబ్బందికి చట్టం ఇచ్చిన 12 గంటలు అయిపోయి కొత్తవాళ్ల కోసం ఎదురుచూడటం. లూప్ పొట్టిదైతే డబ్బు కావాలి. సిబ్బంది మార్పు అయితే ఇంకో మైలు ముందే రైలు ఆపమని అడిగితే సరిపోవచ్చు, ఖర్చు లేదు.

కారణం తెలియాలంటే చిట్టా కావాలి. క్రాసింగ్ దగ్గర నీలం బోర్డు మీద ఆరు అంకెలు, ఒక అక్షరం ఉంటాయి, అదే ఆ క్రాసింగ్ నంబరు. తేదీ, మూసుకున్న సమయం, తెరుచుకున్న సమయం, రైలు కదులుతోందా పూర్తిగా ఆగిందా, ఏ దిక్కుకి పోతోంది అన్నవి రాయండి. ప్రతిదాన్నీ ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ వారి బ్లాక్డ్ క్రాసింగ్ పోర్టల్‌లో నమోదు చేయండి. ఇరుగుపొరుగు పది ఇళ్లవాళ్లు రెండు నెలలు రాస్తే ఏ గంటల్లో ఎక్కువ జరుగుతోందో తెలిసిపోతుంది. అదే బోర్డు మీది ఫోన్ నంబరు మాత్రం ఫిర్యాదులకు కాదు. పట్టాల మీద బండి ఇరుక్కుంటే, గేటు పాడైతే చేయాల్సిన నంబరు అది.

కొన్నిచోట్ల రైలు ఆగదు, నత్తనడక నడుస్తుంది. దాని వెనక ట్రాక్ సంగతి ఉంటుంది. 7,500 అడుగుల రైలు గంటకు 10 మైళ్ల వేగంతో పోతే క్రాసింగ్ దాటడానికి ఎనిమిదిన్నర నిమిషాలు. 25 మైళ్లయితే మూడున్నర నిమిషాలు కూడా పట్టదు. ట్రాక్ నాణ్యతను బట్టి ఫెడరల్ నిబంధనలు పెట్టిన తరగతుల్లో క్లాస్ 1 ట్రాక్ మీద గూడ్సుకి 10 మైళ్లే గరిష్ఠం, క్లాస్ 2కి 25. రెంటికీ ఒక పెద్ద తేడా స్లీపర్లే. వంపు లేని ట్రాక్‌లో ప్రతి 39 అడుగుల్లో పనికొచ్చే స్లీపర్లు క్లాస్ 1కి 5 ఉండాలి, క్లాస్ 2కి 8. కుళ్లిన స్లీపర్లు మార్చడం అంటే మీ నిరీక్షణ సగానికి పైగా తగ్గించడమే. షార్ట్ లైన్లు ఈ పనికి, రైలు మార్గాలు బాగుచేయడానికి ఇచ్చే ఫెడరల్ క్రిసీ గ్రాంటుకి నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు, ఐదోవంతు సొంత వాటా పెట్టాలి. ఊరు ఇచ్చే మద్దతు లేఖలో "మంచి కంపెనీ" అని రాస్తే ఉపయోగం ఉండదు. అంబులెన్సు ఎన్నిసార్లు ఆగిందో, రోజుకి ఎన్ని బళ్లు దాటుతాయో రాయించండి.

వంతెనే కావాలనుకుంటే 2021 చట్టం పెట్టిన రైల్‌రోడ్ క్రాసింగ్ ఎలిమినేషన్ గ్రాంటు ఉంది. ఐదేళ్లకు 3 బిలియన్ డాలర్లు, ఫెడరల్ వాటా 80 శాతం దాకా. రైలు కంపెనీ దానికి దరఖాస్తు చేయలేదు, ఊరో కౌంటీయో రాష్ట్రమో చేయాలి. ఎక్కువ దరఖాస్తులు వెనకబడేది చేతిలో డ్రాయింగులు లేక. అందుకని మొదట ప్రణాళికకే గ్రాంటు అడగండి, ఆ తర్వాత నిర్మాణానికి. ఆ చట్టం నిధులు 2026 సెప్టెంబరు 30తో ముగిసే ఆర్థిక సంవత్సరం దాకానే. మీ కాంగ్రెస్ సభ్యుడి జిల్లా కార్యాలయంలో అడగాల్సిన ఒక్క మాట, రాబోయే చట్టంలో ఈ పద్దు ఉంటుందా అని.

లాస్ ఏంజెలెస్ రేవుల దగ్గర 2002లో తెరిచిన అలమేడా కారిడార్ 20 మైళ్లు. ఖర్చు 2.4 బిలియన్ డాలర్లు. దాంతో సుమారు 200 క్రాసింగ్‌ల దగ్గర ఆగే బాధ పోయింది. రైలూ బాగుపడింది, రోడ్డూ బాగుపడింది. ఇద్దరికీ లాభం ఉన్న కోరికలే తీరుతాయి.

రాత్రి హారన్ నిద్రపోనివ్వడం లేదు. ఆపించవచ్చా?
— ఇల్లినాయ్ పాఠకురాలు

డ్రైవరు చేతిలో లేదు. క్రాసింగ్‌కి 15 నుంచి 20 సెకన్ల ముందు రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు మోత మోగించాలని 2005 నాటి నిబంధన. శబ్దం 96 నుంచి 110 డెసిబెళ్లు. ఆపించాలంటే మీ ఊరు "క్వయట్ జోన్" పెట్టాలి, రైలు కంపెనీ పెట్టలేదు. కనీసం అరమైలు పొడవు, అందులోని ప్రతి పబ్లిక్ క్రాసింగ్‌కి మెరిసే దీపాలు, గేట్లు ఉండాలి. పైగా ఎవరూ గేటు చుట్టూ తిరిగి దూరకుండా నాలుగు గేట్లు గానీ, రోడ్డు మధ్య కట్ట గానీ కావాల్సి వస్తుంది. కట్ట చవక. కానీ మామూలుగా 100 అడుగుల పొడవు ఉండాలి, మధ్యలో దుకాణాల దారులు ఉంటే అక్కడే పని ఆగిపోతుంది. ఖర్చు ఊరిదే. ప్రమాదం కనిపిస్తే జోన్‌లో కూడా హారన్ కొడతారు.

ప్లాస్టిక్ గుళికలు కొని సంచులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ మాది. నెలకి 16 ట్రక్కులు వస్తాయి. రైలు సైడింగ్ వేసుకుంటే లాభమా?
— జార్జియా పాఠకుడు

మీ లెక్కకి నెలకి నాలుగు వ్యాగన్లు. అంత చిన్న పనికి మెయిన్ లైన్ మీద స్విచ్ (పక్క పట్టాలకు మళ్లే చోటు) పెట్టడానికి పెద్ద కంపెనీ ఇష్టపడదు, ప్రతి స్విచ్ దానికి ఒక ఆటంకం. మొదట దగ్గర్లోని ట్రాన్స్‌లోడ్ కేంద్రం చూడండి. వ్యాగన్ అక్కడ దిగుతుంది, గుళికలను గాలితో పీల్చి ట్రక్కులోకి ఎక్కిస్తారు, చివరి 20, 30 మైళ్లు ట్రక్కు. ఏడాది నడిపి చూసి, వ్యాగన్లు పెరిగితే సైడింగ్ ఆలోచించండి. పక్కన షార్ట్ లైన్ ఉంటే బేరం ఇంకా తేలిక.

కొత్తవాళ్లు దెబ్బతినేది రెండుచోట్ల. వ్యాగన్ ఒకసారి ఎనిమిది రోజుల్లో వస్తే ఇంకోసారి పదిహేను పట్టొచ్చు. ట్రక్కు అలవాటుతో సరుకు అంచుమీద ఉంచుకుంటే మెషీన్ ఆగుతుంది. రెండోది, ఖాళీ చేయడానికి ఇచ్చే ఉచిత సమయం ఒకటి రెండు రోజులే, ఆపైన రోజుకింతని డెమరేజ్. మూడు వ్యాగన్లు ఒకేరోజు వచ్చాయంటే మిగిలిన డబ్బంతా అందులోకే పోతుంది.

సైడింగ్ వేస్తే స్విచ్ దాటిన తర్వాతి ట్రాక్ మీది, మరమ్మతు మీది. వాలు లేకుండా చూసుకోవాలి. వ్యాగన్ జారి మెయిన్ లైన్ మీదికి పోకుండా డీరైల్ అనే అడ్డు పెట్టాలి. 2,86,000 పౌండ్ల వ్యాగన్‌కి తట్టుకునేలా కట్టాలి. వర్జీనియా, నార్త్ కరోలినా, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో ఇలాంటి ట్రాకులకు రాష్ట్ర సహాయం ఉంది, మీ రాష్ట్ర రవాణా శాఖ రైలు విభాగంలో కనుక్కోండి. పని మొదలుపెట్టాక దరఖాస్తు చేస్తే సాధారణంగా ఇవ్వరు.

మా కౌంటీ గుండా పోయే లైను ఎత్తేస్తారని వినికిడి. ఆపడం ఎలా?
— కాన్సస్ పాఠకుడు

వినికిడిగా ఉన్నప్పుడే కదలండి. రెండేళ్లుగా ఆ లైన్ మీద స్థానిక సరుకు లేకపోతే కంపెనీ చిన్న దారిలో అనుమతి తీసుకోగలదు. ఫెడరల్ రిజిస్టర్‌లో నోటీసు పడ్డాక గడువులు రోజుల్లోనే ముగుస్తాయి, అప్పుడు సంతకాలు పోగుచేస్తే లాభం లేదు.

సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డుకి కావలసింది సరుకు. "మా ఊరి వారసత్వం" అన్న ఉత్తరం కంటే, "ఏటా 120 వ్యాగన్ల ఎరువు ఈ ధరకి తెప్పించుకుంటాం" అని సహకార సంఘం సంతకం పెట్టిన కాగితం మేలు. లైను కొనదలిస్తే, కొంటామని బోర్డు దగ్గర పెట్టే "ఆర్థిక సహాయ ప్రతిపాదన" అనే పద్ధతి ఉంది. ధర కుదరకపోతే బోర్డే నిర్ణయిస్తుంది. తుక్కు ఇనుము, నేల విలువ ఆ ధరలో తేలతాయి. కొనడం కష్టమనిపిస్తే కనీసం 1983 చట్ట సవరణ కింద రైల్‌బ్యాంకింగ్ అడగండి. పట్టాలు తీసి కాలిబాట చేస్తారు, రేపు రైలు తిరిగి రావాలంటే దారి చెక్కుచెదరదు. ఆ పని చేయకపోతే చాలాచోట్ల నేల ముక్కలై పక్క యజమానులకు పోతుంది, ఇక దాన్ని మళ్లీ కూర్చడం ఎవరి తరమూ కాదు.

కొనే స్తోమత ఊరికి లేకపోతే రాష్ట్రాన్ని అడగాలి. 1980లలో మిల్వాకీ రోడ్ అనే రైల్వే కంపెనీ కుప్పకూలాక సౌత్ డకోటా రాష్ట్రం లైన్లు కొని ధాన్యం రవాణా నిలబెట్టుకుంది. వాషింగ్టన్ రాష్ట్రం 2004, 2007 మధ్య పలూస్ గోధుమ ప్రాంతపు లైన్లు కొంది. నడిపే షార్ట్ లైన్‌కి 45జి పన్ను రాయితీ కూడా ఉంది. ట్రాక్ మరమ్మతు ఖర్చులో 40 శాతం, మైలుకి 3,500 డాలర్ల లెక్కన మించకుండా. 2020 డిసెంబరులో అది శాశ్వతమైంది.

ఒహాయోలోని ఈస్ట్ పాలస్తీన్‌లో గూడ్సు పట్టాలు తప్పిన ప్రమాదం తర్వాత రసాయనాల రైళ్లంటే భయం. ఇవి మా ఊరి మీదుగా రాకుండా చేయలేమా?
— పెన్సిల్వేనియా పాఠకురాలు

చేయలేరు. కామన్ క్యారియర్ బాధ్యత కింద కంపెనీలు ఆ సరుకును కాదనలేవు. రైలెక్కకపోతే అదే క్లోరిన్ ట్రక్కులో మీ హైవే మీద పోతుంది, అది ఇంకా ప్రమాదం.

2023 ఫిబ్రవరి 3 రాత్రి ఈస్ట్ పాలస్తీన్‌లో జరిగింది చక్రం బేరింగ్ కాలిపోవడం. వేడి పసిగట్టే డిటెక్టర్లు వరుసగా బయటి ఉష్ణోగ్రత కంటే 38, 103, 253 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ చూపించాయి. చివరి రెండింటి మధ్య దూరం సుమారు 20 మైళ్లు. ఆ తర్వాత పెద్ద కంపెనీలు ప్రధాన మార్గాల్లో సగటు దూరం 15 మైళ్లకు తెస్తామన్నాయి. మీ లైన్ మీద ఎంత దూరానికి ఒకటి ఉందో కంపెనీ ప్రజా సంబంధాల అధికారిని సభలో అడగండి.

రెండో ప్రశ్న మీ ఫైర్ చీఫ్‌కి. రైల్లో ఏ వ్యాగన్‌లో ఏముందో చూపే ఆస్క్‌రెయిల్ యాప్ ఆయన దళం ఫోన్లలో ఉందా? అది సామాన్యులకు ఇవ్వరు, అత్యవసర దళాలకే. స్థానిక అత్యవసర విభాగం అడిగితే తమ ప్రాంతం గుండా పోయే ప్రధాన ప్రమాదకర సరుకుల జాబితా కూడా కంపెనీలు ఇస్తాయి. వాలంటీర్ల దళాలున్న చిన్న ఊళ్లలో ఎవరూ అడగకే ఈ జాబితా అందదు.

రైలు కంపెనీల డబ్బుతో నడిచే ప్రచార సంఘం నన్ను చేరమంది. చేరొచ్చా?
— మిస్సోరీ పాఠకుడు

చేరొచ్చు, దాచకుండా. వాళ్ల దగ్గర గ్రాంటు తేదీలు, అధికారుల ఫోన్ నంబర్లు, మీ జిల్లా అంకెలు ఉంటాయి, అవి పనికొస్తాయి. వాళ్లు రాసిచ్చిన ఉత్తరం మాత్రం అలాగే పంపకండి. కాంగ్రెస్ కార్యాలయాల్లో ఒకే మాటలున్న వంద ఉత్తరాలను ఒక కట్టగా లెక్కపెట్టి పక్కన పెడతారు. మీ క్రాసింగ్ నంబరు వేసి రాసిన అరపేజీని ఎవరో ఒకరు చదివి జవాబు ఇస్తారు.

విలీనాల విషయంలో మటుకు సంఘం మాట, ఊరి మాట వేరువేరుగా ఉంచండి. యూనియన్ పసిఫిక్, నార్ఫోక్ సదర్న్ కలుస్తామని 2025 జూలైలో ప్రకటించాయి. ఇలాంటి దరఖాస్తుల్లో ఏ లైన్ మీద రైళ్లు ఎన్ని పెరుగుతాయో పట్టిక ఉంటుంది. మామూలుగా రోజుకి 8 రైళ్లు పెరిగే చోట పర్యావరణ పరిశీలన చేస్తారు, గాలి నాణ్యత దెబ్బతిన్న ప్రాంతాల్లో 3 పెరిగినా సరే. మీ లైన్ పట్టికలో ఉంటే షరతులు అడగాల్సింది బోర్డు గడువులోపే. కెనేడియన్ పసిఫిక్, కాన్సస్ సిటీ సదర్న్ కలిసినప్పుడు అయోవాలోని డావెన్‌పోర్ట్ నగరం బోర్డు తీర్పు రాకముందే కంపెనీతో కూర్చుని 10 మిలియన్ డాలర్లకు ఒప్పందం చేసుకుంది.